ఉప్పు పెట్టిన వరి వేర్లకు క్యూపీసీఆర్‌ల ఏ రిఫరెన్స్ జీన్ వాడాలె?

నమస్తే అందరికీ, నల్గొండల ఎమ్మెస్సీ బయోటెక్ ప్రాజెక్టు చేస్తున్న. మా దిక్కు చౌడు పొలాలున్నయ్ కదా అని ఈ టాపిక్ తీస్కున్న. ఉప్పు తట్టుకునే కేరళ వరి పొక్కాలి, అస్సలు తట్టుకోని ఐఆర్29, ఈ రెండిట్ల ఓఎస్‌హెచ్‌కేటీ1;5 జీన్ పని ఎట్ల మారుతదో క్యూపీసీఆర్ (జీన్ ఎంత పనిచేస్తున్నదో కొలిచే పద్ధతి) తోటి చూడాలె, జైలంల (వేర్లకెల్లి నీళ్లు పైకి పోయే గొట్టాలు) ఎక్కే సోడియాన్ని వెనక్కి గుంజి ఆకులకు పోకుండ ఆపేది అదే కాబట్టి.

యోషిదా సొల్యూషన్ల (వరి పెంచే పోషకాల నీళ్లు) 14 రోజుల నారు, 100 మిల్లీమోలార్ ఉప్పు, 0, 6, 24 గంటలకు వేర్లు కోసి లిక్విడ్ నైట్రోజన్ల వేస్తున్న, సీడీఎన్ఏకు (ఆర్ఎన్ఏ నుంచి ఆర్‌టీ ఎంజైమ్ తోటి చేసే డీఎన్ఏ కాపీ) ప్రతిసారి 1 మైక్రోగ్రామ్ ఆర్ఎన్ఏ.

లొల్లి ఏందంటే రిఫరెన్స్‌గ (మిగతా జీన్లను పోల్చనీకి, తను మారకుండ ఉండాల్సిన జీన్) పెట్టిన యాక్టిన్1 సీటీ (సిగ్నల్ కనపడే సైకిల్ నంబరు, పెరిగితే జీన్ తగ్గినట్టు) కంట్రోల్ల 18 ఉంటే 24 గంటల శాంపిల్ల 20.5కు పోతున్నది, రెండు రకాల్లోనూ, దాంతోటి నార్మలైజ్ చేస్తే మారకూడని జీన్లు గూడ ఐదారు రెట్లు పెరిగినట్టు చూపిస్తున్నది, ఇది చూసి ఉప్పుకు స్పందన అని ఎట్ల రాస్త!

డీఎన్ఏజ్ (మిగిలిన డీఎన్ఏను తీసేసే ఎంజైమ్) చేసిన, ఆర్‌టీ ఎంజైమ్ వెయ్యని ట్యూబుల ఏం రాలే. మెల్ట్ కర్వ్ ఒక్కటే పీక్, అంటే ఒక్కటే ప్రొడక్టు. ఆర్ఎన్ఏ కొత్తగ తీసిన, శుద్ధత చూపే 260/280, 260/230 రెండూ 2 దగ్గర్నే ఉన్నయ్. సీడీఎన్ఏ 10 రెట్లు పల్చన చేస్తే సీటీ 3.3 పెరిగింది, అంటే ఇన్హిబిటర్ (రియాక్షన్‌ను ఆపే మలినం) గూడ కాదు. యాక్టినే ఉప్పుకు తగ్గుతున్నదని నా అనుమానం.

ఇప్పుడు ఒక్క జత ప్రైమర్లకే పైసలున్నయ్. ఉప్పు పెట్టిన వరి వేర్లల్ల 24 గంటల దాకా యూబీక్యూ5, ఈఈఎఫ్-1ఆల్ఫా, ఈ రెండు రిఫరెన్స్ జీన్లల్ల మీకు ఏది కదలకుండ నిలబడ్డది?