రాజ్యాంగానికి 'ఆమోదమా', 'ధ్రువీకరణా', 'ఒప్పుదలా'?

మా అమ్మాయికి అమెరికా చరిత్ర తెలుగులో చెబుతూ నిన్న ఒక మాట దగ్గర ఆగిపోయాను. రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాన్ని రాటిఫై చేశాయి, అంటే తమకూ సరేనని చెప్పాయి అన్నదానికి తెలుగులో ఏమనాలి?

పేపర్ల అలవాటు కొద్దీ ముందు "ఆమోదించాయి" అన్నాను. కానీ మన దగ్గర ఆమోదం పైవాళ్లు ఇచ్చేది, కేబినెట్ ఆమోదం, రాష్ట్రపతి ఆమోదం, ఆఖరికి సెలవు చీటీకి ఆఫీసరు ఆమోదం. పైగా సంస్కృతంలో ఆమోదమంటే సంతోషం, పరిమళం. రోడ్ ఐలండ్‌కి సంతోషం ఎక్కడుందండీ? 1788 మార్చిలో అక్కడ జనాన్ని ఓటడిగితే అనుకూలంగా 237, వ్యతిరేకంగా 2,708 వచ్చాయి. ఆ రాష్ట్రంతో వ్యాపారమే ఆపేసే బిల్లును అమెరికా సెనేట్ పాస్ చేశాక, 1790 మే 29న 34-32తో సరేనంది, పదమూడు రాష్ట్రాల్లో అదే ఆఖరు.

సరే, "ధ్రువీకరణ" అందామా? ఆ మాట వింటే నాకు కుల ధ్రువీకరణ పత్రమే గుర్తొస్తుంది, అంటే ముందే ఉన్న నిజానికి ముద్ర వేయడం. 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన కాగితానికి అప్పటికి ఏ బలమూ లేదు, తొమ్మిది రాష్ట్రాల సభలు సరేనంటేనే అది అమల్లోకి వస్తుందని దాని ఏడో అధికరణమే చెప్పింది. అంతకుముందు రాష్ట్రాల మధ్య ఉన్న పాత ఒప్పందం మార్చాలంటే పదమూడూ ఒప్పుకోవాలి, ఆ పద్ధతినే పక్కన పెట్టేశారు.

అందుకే నా ఓటు "ఒప్పుదల"కి. ఒప్పందం, ఒప్పుకోవడం, ఒప్పించడం అన్నీ ఒక్క వేరు నుంచి వచ్చినవే, మనసులో గునుస్తూ ఒప్పుకున్నా అది ఒప్పుకోవడమే. డెలావేర్ 1787 డిసెంబర్ 7న 30-0తో అందరికంటే ముందు ఒప్పుకుంది, అక్కడ ఏ మాటైనా సరిపోతుంది. కానీ మసాచుసెట్స్ చూడండి, పౌరుల హక్కుల మాటేదని చాలామంది ఎదురు తిరిగితే, రాజ్యాంగంతో పాటే సవరణల సిఫారసులూ పంపుదామని అక్కడి గవర్నర్ జాన్ హాంకాక్ ప్రతిపాదించాక 187-168తో గట్టెక్కింది. ఒప్పించడమంటే అది కదా! న్యూ హాంప్‌షైర్ 1788 జూన్ 21న తొమ్మిదోది అయింది.

మన రాజ్యాంగాన్ని రాష్ట్రాల దగ్గరికి పంపలేదు, 1949 నవంబర్ 26న రాజ్యాంగ సభే స్వీకరించింది. అయితే 368వ అధికరణం ప్రకారం కొన్ని సవరణలకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు సరేననాలి, జీఎస్‌టీ సవరణ అలా వచ్చిందే. అక్కడ పార్లమెంటుదీ ఆమోదమే, రాష్ట్రాలదీ ఆమోదమే, రాష్ట్రపతిదీ ఆమోదమే అని రాస్తే చదివేవాడికి ఎవరు ఏం చేశారో ఎలా తెలుస్తుంది?

మీ వైపు పెద్దవాళ్ల నోట "ఒప్పుదల" ఇంకా వినిపిస్తోందా? ఏ సందర్భంలో అంటారో రాయండి.