చిరాకు పడటం, చిర్రుబుర్రులాడటం ఒకటేనా?

ప్రశ్న:
ఒక కథ దిద్దుతున్నాను. అందులో కొడుకు తల్లి గురించి చెబుతూ "మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచి అమ్మ రోజంతా చిర్రుబుర్రులాడుతోంది" అంటాడు. నేను "చిరాకు పడుతోంది" అని మార్చాను. రెండూ ఒకటే కదా, ఎందుకు మార్చారని రచయిత అడుగుతున్నారు. మీరేమంటారు?

జవాబు 1:
ఒకటే. విసుగు, చిరాకు, చిర్రుబుర్రు, అన్నీ కోపానికి చిన్న తమ్ముళ్లే. చెవికి ఏది బాగుంటే అది ఉంచండి.

జవాబు 2:
ఒకటి కాదండీ. "నాకు చిరాకుగా ఉంది" అంటాం. "నాకు చిర్రుబుర్రుగా ఉంది" అని ఎవరైనా అనగా విన్నారా? చిరాకు లోపలిది. పెదవి విప్పకుండా సాయంత్రం దాకా మోయొచ్చు. చిర్రుబుర్రు బయటపడితేనే ఉన్నట్టు. చిటపట, రుసరుస, ధుమధుమ కూడా ఈ జాతివే. అన్నీ చప్పుడులోంచి పుట్టినట్టుండే జంట మాటలు, అన్నిటికీ వెనక "లాడు" చేరుతుంది. విసుగైతే వేరే దారి, ఒకే పని మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తే పుట్టేది.

ఇంకోటి. చిర్రుబుర్రు అనగానే కారణం చిన్నదైపోతుంది. మా అమ్మకు నడుం నొప్పి ఉండేది. "మందు వేసుకున్నావా" అని మూడోసారి అడిగితే "వేసుకున్నానన్నానుగా" అని గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేది. "ఎందుకమ్మా ఆ చిర్రుబుర్రులు" అనేవాణ్ణి. ఆ మాట అన్నాక నొప్పి సంగతి అడగాలని తోచేది కాదు. ఇప్పటికీ ఆ గ్లాసు చప్పుడు గుర్తొస్తే బాధేస్తుంది.

జవాబు 3:
అమ్మగారి విషయం ఒప్పుకుంటాను గానీ, తన గురించి తాను అనుకోరన్నది సరికాదు. "పొద్దున టెన్షన్‌లో నీ మీద చిర్రుబుర్రులాడాను, ఏమనుకోకు" అని మా ఇంట్లో వారానికోసారైనా వినపడుతుంది.

జవాబు 2:
నిజమే, అది నాకు తట్టలేదు. అయితే అది కోపం దిగాక అన్న మాట. అప్పటికి మనల్ని మనమే అవతలి మనిషి కళ్లతో చూస్తున్నాం. విసుక్కుంటున్న ఆ నిమిషంలో మాత్రం అనం, "చిర్రెత్తుకొస్తోంది" అంటాం.

జవాబు 1:
మరి అలక?

జవాబు 3:
అలక దగ్గరివాళ్ల మీదే. సత్యభామ అలిగింది కృష్ణుడి మీద, తీర్చాల్సిందీ ఆయనే. చిర్రుబుర్రుకు ఎదురుపడినవాళ్లెవరైనా చాలు.

ప్రశ్న అడిగినవారు:
నేను మార్చింది తప్పని అర్థమైంది. ఆ వాక్యం కొడుకుది, అతనికి తల్లి నొప్పి ఇంకా పట్టలేదు. "చిర్రుబుర్రులాడుతోంది" తిరిగి పెట్టేశాను. నాలుగు పేజీల తర్వాత ఆవిడ ఒక్కతే మంచం మీద కూర్చుని అనుకునే చోట కూడా రచయిత అదే మాట వాడారు. అక్కడ "చిరాకు" చేయమని అడుగుతాను.