కురిడీ కొట్టు తగలబడుతుంటే ఫైర్ వాళ్ళు మాస్కులు బిగించుకుంటూ నిలబడటం సబబేనా?

అంబాజీపేట కొబ్బరి:
మొన్న మే నెలలో మా మావయ్యగారి కురిడీ కొట్టు అంటుకుంది. కురిడీ సంగతి తెలిసిందే కదండీ, నెలల తరబడి అటక మీద ఎండిన కాయ, లోపలంతా నూనే. ఫైరింజన్ రావడానికి పట్టిన టైము గురించి నాకు కోపం లేదు. మా కాలువగట్టు రోడ్డు ఎలాంటిదో నాకు తెలుసు. బాధంతా వచ్చాక జరిగినదాని గురించి. ఇద్దరు దిగి, సిలిండర్లు వీపుకి తగిలించుకుని, మాస్కులు పెట్టుకుని, ఒకరి పట్టీలు ఒకరు సరిచూసుకున్నారు. రెండు మూడు నిమిషాలు పట్టింది. తీరా లోపలికి వెళ్ళలేదు, గుమ్మం దగ్గర నుంచే నీళ్ళు కొట్టారు. వెనక గదిలో బస్తాలకెత్తి ఉంచిన సరుకంతా పోయింది. కుర్రాళ్ళు గొట్టం లాక్కోబోయారు. ఒకడైతే "ప్రాణం మీద అంత తీపుంటే ఈ ఉద్యోగం ఎందుకు" అనేశాడు. ఆ మాట తప్పే, ఒప్పుకుంటాను. కానీ లోపల మనుషులు లేకపోతే మా కష్టార్జితానికి లెక్క లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తణుకు రైస్‌మిల్లు:
మీ కుర్రాడు అన్నదాంట్లో కొంత నిజం ఉందండి. మిలిటరీ వాడు తుపాకి శబ్దానికి ఆగుతాడా? మంటలో దూరడమే వాళ్ళ పని. మా మిల్లులో ఊకపొట్టు రాజుకున్నప్పుడు మా హమాలీలే దూరి బస్తాలు లాగారు. వాళ్ళకి ఏ మాస్కులూ లేవు.

గట్టు మీద పెద్దాయన:
ముప్పై ఏళ్ళు ఫైర్ సర్వీసులో చేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా దిగిపోయినవాణ్ణి. బాబూ, మీ నష్టం చిన్నదని నేను అనను. ఒకటి అడుగుతాను. మంట లేచే వేళకి అటక మీద ఎన్ని కాయలున్నాయి? పదివేలు ఉన్నా టన్నుల లెక్కే. ఆ బరువు మోసేది తాటి దూలాలూ వెదురు పేళ్ళూ. బండి వచ్చేసరికి మంట వాటిని ఎంతసేపటి నుంచి తింటోంది? మీకు ఖాళీ గుమ్మం కనిపించింది. ఆ ఇద్దరికీ నెత్తిమీద అటక కనిపించి ఉంటుంది. నేనున్నా గుమ్మం దాటనిచ్చేవాణ్ణి కాదు.

ఇక మాస్కు. చేరిన కొత్తలో మేము కూడా తడి తువ్వాలు మూతికి కట్టుకుని దూరినవాళ్ళమే. తడి గుడ్డ మసిని కొంత ఆపుతుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. దానికి రంగు లేదు, వాసన లేదు. తల బరువెక్కుతుంది, కాళ్ళు మాట వినవు, దారి తెలిసినా మనిషి కదల్లేడు. మీ కొబ్బరి డొక్కలు, పీచు, ఆ మిల్లు ఊకపొట్టు మంట ఆరాక కూడా లోలోపల రగులుతూ ఆ గ్యాసునే వదులుతాయి. మేము చేసిన పెద్ద తప్పు అక్కడే. మంట ఆరగానే మాస్కులు తీసేసి, గునపాలతో కుప్పలు తిరగేసేవాళ్ళం. రాత్రంతా తలనొప్పి. ఎండ దెబ్బ అనుకునేవాళ్ళం.

6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడి వరకు గాలి నింపితే సుమారు 2,000 లీటర్లు. గొట్టం లాగుతూ పనిచేసేవాడు నిమిషానికి 50 లీటర్ల పైనే పీలుస్తాడు. అంటే చేతిలో ఉన్నది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. మాస్కు అంచు ముఖానికి అతక్కపోతే అదీ ఉండదు, పొగ లోపలికొస్తుంది. ఒకరి పట్టీలు ఒకరు చూసేది అందుకే. గడ్డం ఉన్నా అతకదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్ళని నేను పంపు దగ్గరే ఉంచేవాణ్ణి. దీక్ష మీద నాకూ గౌరవమే, కానీ వాళ్ళని పొగలోకి పంపలేను.

రాజోలు నుంచి:
1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. మా అమ్మ ఇప్పటికీ ఆ హోరు గురించి చెబుతుంది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలుడు మా తరం చూసింది. గ్యాస్ మంట అయితే ముందు వాల్వు మూయాలి. తొందరపడి మంట ఆర్పేస్తే, మండకుండా మిగిలిన గ్యాస్ ఊరంతా పరుచుకుని ఇంకెక్కడో అంటుకుంటుంది. గ్యాస్ పైపుల మీద బతుకుతున్న మా ఊళ్ళలో ఇది పిల్లలకీ తెలియాలి. ఆగేవాడల్లా భయపడి ఆగడం లేదు.

కానీ పెద్దాయన గారూ, ఆ సిలిండర్, మాస్కు సెట్లు దారిలో బండిలోనే తగిలించుకుని దిగొచ్చు కదా? ఆ రెండు నిమిషాలు మిగిలేవి.

గట్టు మీద పెద్దాయన:
న్యాయమైన మాట. సీటు వీపులోనే సెట్టు అమర్చిన బండ్లు ఉన్నాయి. నేను పనిచేసిన బండ్లలో సెట్లు పక్క అరలో ఉండేవి, దిగాకే తీయాలి. దాని మీద కోప్పడండి, నేనూ మీతో కలుస్తాను.

నరసాపురం వైపు అమ్మాయి:
మా ఆయన ఫైర్‌మన్. ఇక్కడ అందరూ రెండు నిమిషాల గురించే మాట్లాడుతున్నారు. ఆ తర్వాతి ఇరవై ఏళ్ళ గురించి నేను చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌మన్ పనినే క్యాన్సర్ కారకాల్లో మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న గ్రూపు అది. మసి ముక్కులోంచే కాదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. వేడికి చెమట పట్టిన మెడ మీద, చంకల్లో ఇంకా తొందరగా పోతుందట.

ఆ బట్టలు ఏళ్ళ తరబడి మా పిల్లల బట్టలతో కలిపి ఉతికాను. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన స్టేషన్లోనే ముఖం, మెడ, చేతులు సబ్బుతో కడుక్కుని స్నానం చేసి వస్తున్నారు. కానీ మందపాటి కోటు ఒక్కటే ఉంది. అది నానబెడితే మళ్ళీ పిలుపొచ్చినప్పుడు ఏం వేసుకోవాలి? మసి కోటే వేసుకుని వెళతారు. నాకు రెండో కోటు కావాలి. ఇంతకంటే పెద్ద కోరిక నాకేమీ లేదు.

మే నెలలో మన గాలి ఎలా ఉంటుందో తెలుసుగా, చెమట ఆరదు. ఆ కోటు లోపల ఒళ్ళు ఉడికిపోతుంది. అమెరికాలో డ్యూటీ మీద చనిపోయే ఫైర్ సిబ్బందిలో ఎక్కువ మందిని తీసుకుపోయేది మంట కాదు, గుండెపోటు. ఆయన వచ్చాక మజ్జిగ చెంబు చేతికిస్తూ ముందు ముఖం చూస్తాను.

తణుకు రైస్‌మిల్లు:
అమ్మా, మీ మాట చదివాక హమాలీల గురించి నేను రాసింది గొప్పగా చెప్పుకునే విషయం కాదనిపించింది. వాళ్ళలో ఇద్దరికి తర్వాత చాలాకాలం దగ్గు తగ్గలేదు. అయినా ఒక ప్రశ్న. లోపల నా తమ్ముడే ఉంటే? అప్పుడూ పట్టీలు చూసుకుంటారా?

గట్టు మీద పెద్దాయన:
చూసుకుంటాం బాబూ. మనిషి ఉంటే అటక కిందకైనా వెళతాం, కానీ మాస్కుతోనే. పాడుబడ్డ బావిలోకి ఒకడు దిగి పడిపోతే, వాడి కోసం అన్న, అన్న కోసం బావ దిగి ముగ్గురూ పోయిన ఇళ్ళు మన వైపు లేవా? మాస్కు లేకుండా దూరినవాడు మీ తమ్ముణ్ణి తీసుకురాడు, తమ్ముడి పక్కన పడిపోతాడు. ఆ బావి దగ్గర ఏడ్చిన తల్లిని నేను చూశాను.

అంబాజీపేట కొబ్బరి:
అటక సంగతి మావయ్యగారిని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా కొట్టు అటక ఆ రాత్రే, బండి వెళ్ళకముందే కూలిందట. నాకు ఇప్పటిదాకా చెప్పలేదు.

సెట్లు బండిలోనే వేసుకునేలా ఉండాలన్న మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను. కొట్టు మళ్ళీ కడుతున్నాం. ఈసారి అటకకి ఇనప గడ్డర్లు వేస్తున్నాం, మీటరు బయట గోడకి పెట్టిస్తున్నాం. బండి తిరిగేలా గట్టు దగ్గర జాగా వదలమని పక్కింటి వాళ్ళని అడగాలి. ఆ గొట్టం లాగిన కుర్రాడు మా తోడల్లుడి కొడుకే. వాణ్ణి ఫైర్ స్టేషన్‌కి తీసుకెళతాను.