మేహెమ్ తొలి ఆల్బమ్ సమీక్షలో ‘గావుకేక’ అనవచ్చా?

ప్రశ్న (విజయనగరం నుంచి): నార్వేకు చెందిన బ్లాక్ మెటల్ (హెవీ మెటల్ సంగీతంలో ఒక తీవ్రమైన శాఖ) బృందం మేహెమ్ 1994లో విడుదల చేసిన తొలి పూర్తి నిడివి ఆల్బమ్ ‘డి మిస్టీరీస్ డామ్ సతానాస్’ మీద తెలుగులో సమీక్ష రాస్తున్నాను. గాయకుని గొంతును ‘గావుకేక’ అన్నాను. అది మోటు మాట, ‘ఆక్రందన’ అనడం మేలని ఒక మిత్రుని సలహా. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం (శ్రీకాకుళం నుంచి): మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లా వాడిగా, ‘గావుకేక’ను మోటు మాటని తోసిపుచ్చడాన్ని నేను ఒప్పుకోలేను. గావు అంటే గ్రామదేవతకు ఇచ్చే బలి. ఆ తంతులోని భయమూ భక్తీ నెత్తురూ మాటలోనే ఉన్నాయి కనుక బ్లాక్ మెటల్ అరుపుకు ఇంతకంటే తగిన తెలుగు పదం నాకు తోచదు. ‘ఆక్రందన’లో ఆదుకొమ్మనే ఆర్తి ఉంది, ఈ గాయకులు ఎవరినీ ఆదుకొమ్మని అడగరు.

నా అభ్యంతరం వేరొకటి. ఈ ఆల్బమ్‌లో వినిపించేది గావుకేక కాదు. ఆ పేరుకు తగిన గొంతు, ఇందులోని సాహిత్యాన్ని చాలావరకు రాసి 1991లో ఆత్మహత్య చేసుకున్న పూర్వ గాయకుడు డెడ్‌ది. ఈ ఆల్బమ్‌లో పాడిన, హంగరీ నుంచి వచ్చిన అటిలా చిహార్ గొంతు చించుకోడు. మంద్రస్థాయిలో, బొంగురుగా, అక్షరాలను సాగదీస్తూ, క్షుద్రపూజ జరిపిస్తున్న పురోహితునిలా ఉచ్చరిస్తాడు. డెడ్ అరుపుకు అలవాటుపడిన శ్రోతల్లో కొందరికి ఇది మొదట్లో మింగుడుపడలేదు. ఆ ఉచ్చారణనే ఈ ఆల్బమ్ ఘనతగా మెచ్చుకునేవారు ఇప్పుడు ఎందరో ఉన్నారు. బృందం గిటారిస్టు యూరోనిమస్‌ను 1993 ఆగస్టులో హత్య చేసిన వర్గ్ వికర్నెస్ ఇందులో బాస్ వాయించినవాడే కావడంతో, దీని గురించిన మాటలు తరచు ఆ నేరం దగ్గరే ఆగిపోతాయి. మీరు గొంతు గురించి ఆలోచిస్తున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

డెడ్ ప్రస్తావనలో ‘గావుకేక’ను ఉంచి, అటిలాకు ‘మంద్రఘోష’ అని రాయండి. ఘోషలో అరుపు కంటే మోత ఎక్కువ, ఎడతెగకపోవడం ఎక్కువ. ‘వేదఘోష’ వాడుక వల్ల మంత్రోచ్చారణ స్ఫురణ కూడా కలుగుతుంది.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ, అలాగే మారుస్తాను. ఆల్బమ్ పేరే పేరుగా గల చివరి పాటలో మాత్రం అటిలా చర్చిలో పాడినట్లు రాగం తీస్తాడు కదా, అక్కడ ఘోష నప్పుతుందా?

సమాధానం: నప్పదు. అక్కడ ‘ఆలాపన’ అనే రాయండి.