అప్‌డేట్: బయోస్కెచ్ సమస్య తీరింది

మా యూనివర్సిటీ గ్రాంట్స్ ఆఫీసు నా ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్) బయోస్కెచ్‌ను, అంటే గ్రాంట్ ప్రపోజల్‌తో ఇచ్చే పరిశోధకుల పరిచయ పత్రాన్ని, కారణం చెప్పకుండా వెనక్కి పంపిందని పోయిన వారం అడిగాను కదా. ఫైలు ఏ ఏడాదిదో చూసుకోమన్న వారికి చాలా థాంక్స్, తప్పు అక్కడే ఉంది.

నేను దిద్దుతున్నది 2023 నాటి ఫైలు. సినర్జిస్టిక్ యాక్టివిటీస్ (జ్ఞానాన్ని పంచడానికి, విస్తరించడానికి చేసిన పనులు) అందులోనే ఉన్నాయి. 2024 మే 20న అమల్లోకి వచ్చిన ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రపోజల్ గైడ్ ప్రకారం వాటిని విడిగా, ఒక్క పేజీలో, ఐదుకు మించకుండా ఇవ్వాలి. బయోస్కెచ్‌కు మూడు పేజీల పరిమితి కూడా ఎత్తేశారు. ఆ మూడు పేజీల్లో ఇరికించడానికే రెండు రాత్రులు పోయాయి, ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

బయోస్కెచ్ తయారుచేసే ఆన్‌లైన్ టూల్ సైఎన్‌సీవీలో మొదటి నుంచి నింపి, సర్టిఫై చేసి, వచ్చిన పీడీఎఫ్‌ను అలాగే అప్‌లోడ్ చేశాను. గడువు సాయంత్రం ఐదింటికి. 4:10కి ప్రపోజల్ వెళ్లింది.