వల కన్ను పెంచినా పిల్ల చేపలు పడుతూనే ఉన్నాయి, ఏం చేయాలి?

మా ట్రాలర్ల (సంచిలాంటి వలను వెనక లాగుతూ వేటాడే పడవల) సంఘం పిల్ల చేపల వేట తగ్గించాలని నిర్ణయించుకుంది. ఎదగకముందే పట్టిన చేప ఎలాగూ చేపపిండికే పోతోంది, గుడ్లు పెట్టే దశకు చేరేవి తగ్గిపోతున్నాయి. అందుకే వల చివరి సంచికి 25 మి.మీ. డైమండ్ (వజ్రం ఆకారపు) కన్ను తీసేసి 40 మి.మీ. చదరపు కన్ను వేశాం. లాగుతున్నప్పుడు డైమండ్ కన్ను బిగుసుకుపోతుంది, చదరపుది తెరుచుకునే ఉంటుంది కదా.

గంటసేపు లాగితే తేడా బాగా కనబడుతోంది. పది కిలోల నమూనాలో పిల్ల చేపలు నాలుగు కిలోల నుంచి రెండుకు దిగాయి. మూడు గంటలు లాగితే మాత్రం మళ్లీ నాలుగు కిలోల దగ్గరే! మొత్తం 12 సార్లు చూశాం.

తడి వల మీదే గేజ్‌తో కన్ను కొలిచాం, సరిగ్గానే ఉంది. అడుగున రాపిడికి కట్టిన తొడుగు విప్పేశాం. వేగం 3 నాట్ల నుంచి 2.5కు తగ్గించాం. కళ్లకు అడ్డుపడే జెల్లీ చేపలు పడని రోజుల్లోనూ ఇదే తీరు. గంటకోసారి వల ఎత్తమంటే సిబ్బంది ఒప్పుకోరు, నిజం చెప్పాలంటే నేనూ ఒప్పుకోను.

సంచి నిండేకొద్దీ వెనక కళ్లన్నీ చేపలతోనే మూసుకుపోతున్నాయని నా అనుమానం. అందుకే పైభాగాన, ఇంకాస్త ముందుకు, పెద్ద చదరపు కన్నుతో కిటికీలాంటి ముక్క కుట్టాలనుకుంటున్నాం. మూడు గంటల లాగుడులో కూడా అది పనిచేయాలంటే, సంచి ముడి నుంచి ఎన్ని మీటర్ల ముందు పెట్టాలి?