పొటాషియం-రుబిడియం అణువు తయారీకి 546 గాస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) కావాలి, తయారయ్యాక అయస్కాంతాన్ని పట్టించుకోదేం?

సెమినార్_టెన్షన్:
నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. 2008లో అమెరికాలోని కొలరాడోలో ఉన్న జిలా (JILA) అనే ఫిజిక్స్ ల్యాబ్‌లో డెబొరా జిన్, జున్ యే బృందాలు చేసిన ప్రయోగం మీద సెమినార్ ఇవ్వాలి. పరమాణువుల్ని జత కలపడానికి అయస్కాంత క్షేత్రాన్ని అంత జాగ్రత్తగా మారుస్తారు కదా, మరి చివరికి వచ్చిన అణువు ఆ క్షేత్రానికి దాదాపు స్పందించదని రాశారు. ఆ అయస్కాంత గుణం ఎక్కడికి పోయింది?

క్షేత్రపాలుడు:
మీరు రెండు వేర్వేరు అణువుల్ని ఒకటే అనుకుంటున్నారు. మొదట వచ్చేది ఫెష్‌బాక్ అణువు, చాలా వదులుగా అతుక్కున్న జంట. విడి పరమాణువుల జంటకీ, అతుక్కున్న జంటకీ అయస్కాంత భ్రామకాలు (క్షేత్రానికి ఎంత స్పందిస్తాయో చెప్పే కొలత) వేరు, కాబట్టి క్షేత్రం మారేకొద్దీ వాటి శక్తులు వేర్వేరు వాలుతో కదిలి 546.7 గాస్ దగ్గర కలుస్తాయి. అక్కడ క్షేత్రాన్ని మెల్లగా కిందికి దించితే పరమాణువులు జత కడతాయి. తర్వాత రెండు లేజర్లతో ఆ జంటను అట్టడుగు స్థితికి దించుతారు, అక్కడ రెండు బయటి ఎలక్ట్రాన్ల స్పిన్‌లు (ఎలక్ట్రాన్‌ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇక మిగిలేవి కేంద్రకాల స్పిన్‌లే. లెక్క చూడండి: ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణాన్ని కొలిచే బోర్ మాగ్నెటాన్‌కి శక్తి గాస్‌కు 1.4 మెగాహెర్ట్జ్ మారుతుంది, కేంద్రకాలకు వాడే న్యూక్లియర్ మాగ్నెటాన్‌కి 0.76 కిలోహెర్ట్జ్, అంటే 1836 రెట్లు తక్కువ.

సెమినార్_టెన్షన్:
ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్ అండీ. అంత చిన్న ప్రభావమైతే వదిలేయొచ్చా?

క్షేత్రపాలుడు:
అస్సలు వదలకండి, నాకు అసలు ఇష్టమైన భాగం అదే! పొటాషియం-40 కేంద్రక స్పిన్‌కి 9 దిశలు, రుబిడియం-87కి 4, మొత్తం 36 స్థితులు. వాటిని విడదీసేది ఆ క్షేత్రమే, విడిపోతేనే కదా అణువులన్నిటినీ ఒకే స్థితిలో పెట్టగలం. ఇవి ఫెర్మియాన్లు (ఒకే స్థితిలో రెండు ఒకేచోట ఉండలేని రకం కణాలు) కాబట్టి అన్నీ ఒకే స్థితిలో ఉంటే దగ్గరికి రాలేవు, రసాయన చర్య నెమ్మదిస్తుంది. స్థితులు కలగలిస్తే ఆ వేగం 10 నుంచి 100 రెట్లు పెరుగుతుందని 2010లో అదే ల్యాబ్ చూపించింది.

లేజర్_పిచ్చి:
ఒక మాట చేరుస్తాను, చల్లని అణువులన్నీ ఇలాగే ఉంటాయని మాత్రం స్లైడ్‌లో రాయకండి. స్ట్రాన్షియం ఫ్లోరైడ్, కాల్షియం ఫ్లోరైడ్‌లలో జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది, అవి క్షేత్రానికి గట్టిగానే స్పందిస్తాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు 2018లో లేజర్‌తో చల్లబరిచిన కాల్షియం ఫ్లోరైడ్‌ని అయస్కాంత బోనులోనే బంధించారు. పొటాషియం-రుబిడియంతో ఆ పని కుదరదు, దాన్ని కాంతితోనే పట్టి ఉంచాలి.